పంతొమ్మిది బెజ్జాలు

మంగళవారం పొద్దున రొట్టె కోసం అక్క ఇంటికి వెళ్లిన హెడ్లీకి వాకిట్లో గ్లెనిస్ వ్యాను కనిపించింది. వెనక తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. లోపల వైరు చుట్టలు సైజుల వారీగా కొక్కేలకు వేలాడుతున్నాయి. సామాన్ల డబ్బాలన్నిటి మీదా చీటీలు అంటించి ఉన్నాయి. ముప్పై ఎనిమిదేళ్లు కరెంటు పని చేసిన హెడ్లీ ఏనాడూ ఏ డబ్బాకీ చీటీ అంటించలేదు. ఎందులో ఏముందో చేతికే తెలిసేది. వ్యాను పక్కన ఒక నిమిషం నిలబడి, బూట్లకంటిన బురద మెట్టుకేసి గీరి లోపలికి నడిచాడు.

వంటింట్లో వెల్మా మోచేతుల దాకా పిండిలో ఉంది.

"దాని బండి ఇక్కడెందుకుంది?" అన్నాడు హెడ్లీ.

"దానికో పేరుందిరా. గ్లెనిస్. నా ఓవెన్లకి కరెంటు లాగుతోంది."

"నేను లాగుతానన్నానుగా అక్కా!"

"అన్నావు. సెప్టెంబర్లో అన్నావు. మూస్ దుప్పుల వేట అయ్యాక అన్నావు. క్రిస్మస్ వెళ్లాక అన్నావు. మంచు కరగనీ అన్నావు." వెల్మా పిండి ముద్దని ఎత్తి బల్ల మీద ఒక్క దెబ్బ వేసింది. "కొత్త ఓవెన్లు రెండూ వెనక వసారాలో అట్టపెట్టెల్లోనే ఉన్నాయి. వాటి మీద నేను బట్టలు ఆరేసుకుంటున్నాను. ఊళ్లో సగం మంది నా రొట్టెల కోసం చూస్తున్నారు. ఇంకెన్నాళ్లు ఆగమంటావ్?"

 కాళ్ల కింద నేల సన్నగా వణుకుతోంది. కింద డ్రిల్లు తిరుగుతోంది. హెడ్లీ చెవి ఒగ్గి విన్నాడు. చెక్కలోకి దిగేటప్పుడు తొందరపడితే మోత మారుతుంది, బిట్టు బిగుసుకుంటే మూలుగుతుంది. ఎక్కడ మారుతుందా అని చూశాడు. మారలేదు. ఒక బెజ్జం పూర్తయింది. రెండు ఊపిరుల విరామం. ఇంకోటి మొదలైంది.

"నీ దగ్గర నేర్చుకున్న పిల్లేగా. నీకు సంతోషంగా ఉండాలి," అంది వెల్మా.

అతను కిందికి దిగాడు.

ఆ ఇంటి ముందు సగం కింద మనిషి నిలబడగలిగే నేలమాళిగ ఉంది. వెనక సగం బండ మీద కట్టారు. అక్కడ నేలకీ దూలాలకీ మధ్య పాకే చోటే ఉంది. ముందు గోడకి మెయిన్ ప్యానెల్. వెనక వసారా గోడకి పెట్టబోయేది కొత్త సబ్‌ప్యానెల్, ఓవెన్ల కోసం వేరే చిన్న కరెంటు పెట్టె. ఈ రెంటి మధ్యా పైగదుల నేలని మోసే పంతొమ్మిది దూలాలు, అడుగున్నరకొకటి చొప్పున అడ్డంగా ఉన్నాయి. ప్రతి దూలాన్నీ తొలిచి కేబుల్‌ని అవతలికి పంపాలి.

గ్లెనిస్ పాత తివాచీ ముక్క మీద వెల్లకిలా పడుకుని ఉంది. జుట్టు నిండా చెక్కపొట్టు. మోకాళ్లకి తొడుగులు.

"ఎవరూ, స్కిప్పరా? ఆ లైటు కొంచెం ఇటు తిప్పండి."

ఊళ్లో పెద్దవాళ్లని అందరూ స్కిప్పర్ అనే పిలుస్తారు. ఆమె గొంతులో అగౌరవమేమీ లేదు. అయినా, లైటు తిప్పమని ఒకప్పుడు ఆమెకి చెప్పింది హెడ్లీయే. అతను లైటు తిప్పాడు.

ఈ చివరి నుంచి ఆ చివరికి దూలాలన్నిటి మీదా సుద్దదారం కొట్టిన నీలం గీత. ప్రతి దూలానికీ సరిగ్గా నడిమధ్య.

"అంతా మధ్యలోనే పొడుస్తున్నావేం?"

"మధ్యలో పొడిస్తే దూలానికి బలం తగ్గదని మీరేగా చెప్పారు."

అలా చెప్పినట్టు హెడ్లీకి గుర్తు లేదు. తను చెప్పాడో, ఆమె మర్యాదకి అంటోందో తేల్చుకోలేకపోయాడు. మర్యాదకే అంటోందనిపించాక ఇంకా మండింది.

"నా దగ్గర పని చేసే మెల్విన్ పీతల వేట బోటెక్కి పోయాడు. రేపు కేబుల్ లాగడానికి ఇంకో మనిషి కావాలి. వీలైతే వస్తారా?" అంది గ్లెనిస్.

"చూస్తాలే," అన్నాడు. వచ్చి చూద్దాం ఎక్కడ తప్పు చేసిందో అని మనసులో అనుకున్నాడు.

ఇంటికి వెళ్లేసరికి భార్య ఎఫీ గుమ్మంలో చెయ్యి చాపింది. "రొట్టేదయ్యా?"

అప్పుడు గుర్తొచ్చింది. "వెల్మా ఆ గ్లెనిస్‌ని పనికి పెట్టుకుంది."

"మంచిదేగా. ఆ బిలంలో పాకడం నీ మోకాళ్ల వల్ల అవుతుందా?"

"నా మోకాళ్ల సంగతి ఊరంతా చాటు."

"చాటక్కర్లేదు. నువ్వు చర్చిలో లేచి నిలబడేటప్పుడు వినిపిస్తూనే ఉంటుంది."

*

బుధవారం అతను చెప్పిన టైముకంటే పావుగంట ముందే వెళ్లాడు. గ్లెనిస్ అప్పటికే కేబుల్ చుట్టని పొయ్యి పక్క నుంచి దొర్లించుకుంటూ తెస్తోంది. రాత్రంతా వెచ్చగా ఉంచిందట, మెత్తబడుతుందని. బొటనవేలంత లావు కేబుల్ అది. చలికి కర్రలా బిగుసుకుపోతుంది. హెడ్లీ తన కాలమంతా చల్లటి కేబుల్‌తో కుస్తీ పట్టాడు, భుజాలు అరగదీసుకున్నాడు. పొయ్యి దగ్గర పెట్టొచ్చని ఒక్కసారీ తట్టలేదు.

"మీరిక్కడ నిలబడి చుట్ట విప్పుతూ ఇవ్వండి. నేను వెనక్కి పాకి లాగుతాను."

సుఖమైన పని తనకిచ్చింది. అదీ గుచ్చుకుంది. ఆమె పాకుతూ చీకట్లోకి వెళ్లాక హెడ్లీ మొదటి బెజ్జానికి కన్ను ఆనించాడు. లోపల ఆమె పెట్టుకున్న లైటు వరస బెజ్జాల్లోంచి చిన్న గుండ్రటి వెలుగై కనిపించింది. ఎక్కడా అంచు అడ్డు రాలేదు. బొటనవేలు పెట్టి తిప్పి చూశాడు. చెక్క పీచు లేవలేదు, నున్నగా ఉంది. ఇంకో బెజ్జం తడిమాడు. ఇంకోటి.

"ఇవ్వండి, స్కిప్పర్."

"ఇస్తున్నా."

"ఆపండి... ఆఁ, ఇప్పుడు ఇవ్వండి."

కేబుల్ కొద్ది కొద్దిగా కదిలింది. చుట్టలోంచి మెలిక పడకుండా ఒక్కో వరసా రెండు చేతులతో తిప్పి వదలాలి. ఆ విద్య అతని చేతుల్లో ఇంకా ఉంది. కాసేపు ఏమీ ఆలోచించకుండా పని చేశాడు. ఇవ్వండి అన్నప్పుడు ఇచ్చాడు, ఆపండి అన్నప్పుడు ఆపాడు.

కేబుల్ దాదాపు వెనక గోడకి చేరాక ఆమె లైటు జరిపింది. అప్పుడు కనిపించింది. మురుగు పైపు దిగే చోట, పదిహేడో దూలంలో బెజ్జం కిందికి జారి ఉంది.

హెడ్లీ చుట్ట వదిలేశాడు. మోకాళ్లని తిట్టుకుంటూ, ఒక్కో దూలం కిందుగా అక్కడి దాకా పాకాడు. వేలితో కొలిచాడు. దూలం అడుగు అంచుకీ బెజ్జానికీ మధ్య అంగుళం కూడా లేదు.

"ఏమమ్మాయ్, ఇదేంటిది? రేపెవడన్నా కింద చెక్కలు కొడితే మేకు తిన్నగా కేబుల్లోకే దిగుతుంది. ఇల్లు తగలబడుతుంది!" ఆనందం గొంతులో తెలిసిపోతోందేమోనని అతనికే అనుమానం వచ్చింది.

గ్లెనిస్ నడుము సంచిలోంచి అరచేతంత ఉక్కు రేకు తీసింది. "పైపు అడ్డొచ్చింది, ఇంకో దారి దొరకలేదు. అందుకే ఇది తెచ్చి పెట్టుకున్నాను. మీరు అక్కడే ఉన్నారుగా, కొట్టేస్తారా?"

సుత్తి కూడా ఆమే అందించింది. దూలం అడుగు అంచుకి రేకు ఆనించి నాలుగు దెబ్బల్లో కొట్టాడు హెడ్లీ. నాలుగో దెబ్బ అవసరానికి మించి పడింది.

పని అయ్యాక ఇద్దరూ మెట్ల మీద కూర్చున్నారు. వెల్మా టీ, మొలాసిస్ పాకం పూసిన రొట్టె అంచులు ఇచ్చి వెళ్లింది. గ్లెనిస్ ఆకలిగా తింది.

"చర్చి హాలు వంటగది పని నాకే ఇస్తామన్నారు స్కిప్పర్. సోమవారం నుంచి. మూడు వారాల పని. అది చేతికొస్తే మెల్విన్‌ని బోటు దింపించి నా దగ్గరే ఉంచేసుకుంటా. ఒక్కదాన్నీ ఎంతకని లాగను?"

"మంచిదే," అన్నాడు హెడ్లీ. రొట్టె నోట్లో పొడిగా తగిలింది. చర్చి హాలుకి మొట్టమొదట దీపం వెలిగించింది అతనే.

*

గురువారం ఇన్‌స్పెక్టర్ వచ్చే రోజు. హెడ్లీని ఎవరూ పిలవలేదు. అయినా ఉతికిన పని చొక్కా తొడుక్కుని వెళ్లాడు.

"ఎక్కడికి, పెళ్లికా?" అంది ఎఫీ.

"క్లైడ్ వస్తున్నాడు. చూసి చాలా రోజులైంది."

ఇన్‌స్పెక్టర్ క్లైడ్ పాతికేళ్లుగా అతని పనులు తనిఖీ చేసిన మనిషి. కిందికి దిగుతూనే చెయ్యి చాపి హెడ్లీ దగ్గరికి వచ్చాడు. "ఓయ్ ముసలోడా! మళ్లీ పనిలో దిగావా? నువ్వు రిటైరయ్యావని ఎవడో చెప్తే నేను నమ్మలేదు."

గ్లెనిస్ అనుమతి కాగితం పట్టుకుని పక్కనే నిలబడి ఉంది. క్లైడ్ ఆమె వైపు చూడకుండానే దాన్ని అందుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు. టార్చి వేసి దూలాల వెంట చూశాడు. ఈల వేశాడు.

"చూశావా హెడ్లీ, ఈ రోజుల్లో కుర్రాళ్లు పొడిచే బెజ్జాలు ఎలకలు కొరికినట్టుంటాయి. ఇదీ పనంటే. తుపాకీ గొట్టంలోంచి చూసినట్టుంది! న్యూట్రల్, ఎర్త్ తీగలు సబ్‌ప్యానెల్లో విడదీశావా?"

హెడ్లీకి తెలియదు. ఆ పెట్టె మూత తీసి అతను చూడనేలేదు. గ్లెనిస్ వైపు తిరిగాడు.

"విడదీశాను," అంది ఆమె. "రెంటినీ కలిపే ఆకుపచ్చ స్క్రూ తీసేసి పెట్టెలోనే కవర్లో అంటించాను. చూడండి."

క్లైడ్ చూశాడు. చూసి హెడ్లీకి తల ఊపాడు. "శుభ్రంగా ఉంది. నీ చేతిపని ఎక్కడున్నా గుర్తుపడతా."

అప్పుడు చెప్పాల్సిన మాట చాలా చిన్నది. రెండు ముక్కలు. హెడ్లీ నోరు తెరిచాడు కూడా. కానీ ఆ పొగడ్త వెచ్చగా ఒళ్లంతా పాకింది. ఎన్నాళ్లయింది ఎవరైనా అలా అని! ఇంకొక్క క్షణం ఉండనిద్దామనుకున్నాడు. ఆ క్షణంలో క్లైడ్ మెట్లెక్కేశాడు. పైన వెల్మాతో గట్టిగా అంటున్నాడు: "మీ తమ్ముడి చెయ్యి ఇంకా పోలేదండీ!"

గ్లెనిస్ డ్రిల్లుకున్న బిట్టు ఊడదీసి, గుడ్డతో తుడిచి, చీటీ అంటించిన డబ్బాలో పెట్టింది. తివాచీ ముక్క చుట్టి చంకలో పెట్టుకుంది. మెట్ల దగ్గర ఆగి, "లైటు ఆర్పేసి రండి," అంది. ఈసారి స్కిప్పర్ అనలేదు.

*

శుక్రవారం మధ్యాహ్నానికి ఆ మాట ఊరంతా పాకింది. కొట్లో ఇద్దరు అతని భుజం తట్టారు. పోస్టాఫీసులో ఒకావిడ తన స్నానాలగదిలో ఫ్యాను ఎప్పుడు బిగిస్తావని అడిగింది. ఇంటికొచ్చేసరికి ఫోను మోగింది. చర్చి హాలు కమిటీ నుంచి ఐలీన్.

"గ్లెనిస్‌కి ఇద్దామనుకున్నాం హెడ్లీ. కానీ నువ్వు మళ్లీ పనిలో దిగావని క్లైడ్ చెప్పాడు. నువ్వుండగా ఇంకొకళ్లెందుకని కమిటీలో అందరూ అన్నారు. నీకు వీలవుతుందా?"

"వచ్చి చూస్తాను," అన్నాడు.

ఎఫీ అంతా విన్నది. "అది గ్లెనిస్ పనేగా?"

"వాళ్లే అడిగారు. నేను అడగలేదు."

"వెల్మా ఇంట్లో ఏం చేశావేంటి నువ్వు, ఊరంతా ఇలా ఊగిపోతోంది?"

"కేబుల్ లాగాం. ఇద్దరం కలిసి."

ఎఫీ అతని మొహంలోకి చూసింది. తర్వాత ఆలుగడ్డల చెక్కు తీయడంలో పడింది.

అతను టార్చి పట్టుకుని హాలుకి వెళ్లాడు. వెనక ఉన్న చిన్న తలుపు ఎత్తి నేల కిందికి దిగాడు. కాళ్లు నొప్పెట్టాయి, కానీ భరించగలిగాడు. మూడు వారాలు కాకపోతే అయిదు వారాలు పడుతుంది. చెయ్యగలడు. ఆ సంగతి తెలిసి ధైర్యమొచ్చింది. ఎక్కణ్ణించి ఎక్కడికి కేబుల్ తీసుకెళ్లాలో చూద్దామని టార్చి పైకి వేశాడు.

దూలాల మీద నీలం గీత ఉంది.

ఈ గోడ నుంచి ఆ గోడ దాకా, వంపు లేకుండా. ప్రతి దూలం మీదా బెజ్జం పడాల్సిన చోట పెన్సిలుతో చిన్న ఇంటూ గుర్తు. నీటి పైపు అడ్డొచ్చే రెండు చోట్ల పక్కన 'రేకు' అని రాసి ఉంది. కమిటీ మాట నమ్మి, పని చేతికి రాకముందే గ్లెనిస్ వచ్చి, తీరిక ఉన్న ఏ ఆదివారమో ఇక్కడ పడుకుని, అంతా కొలిచి పెట్టుకుంది.

హెడ్లీ దీనికంటే మంచి దారి ఏదైనా ఉందా అని వెతికాడు. చాలాసేపు వెతికాడు. గీత ఓ చెయ్యి పక్కకి జరిపితే ఎలా ఉంటుందని టేపు వేసి కొలిచాడు. లేదు. తను ఈ పని చేస్తే ఆమె పెట్టిన గుర్తుల మీదే డ్రిల్లు ఆనించాలి. అప్పుడు క్లైడ్ వచ్చి మళ్లీ ఈల వేస్తాడు.

ఒక గుర్తుని బొటనవేలితో రుద్ది చూశాడు. పెన్సిలు గీత చెరగలేదు. ఎవరూ లేని ఆ చీకట్లో కూడా సిగ్గేసి, చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

*

శనివారం వెల్మా కొత్త ఓవెన్లలో మొదటి వాయి రొట్టెలు దింపింది. వసారా నిండా జనం. ఐలీన్ ఉంది. క్లైడ్ పక్కూరి నుంచి పని గట్టుకుని వచ్చాడు. హెడ్లీ లోపలికి రాగానే ఎవరో చప్పట్లు కొట్టారు.

"ఆగండి," అన్నాడు హెడ్లీ. గొంతు అనుకున్నదానికంటే పెద్దగా వచ్చింది. "ఈ పని నాది కాదు. గ్లెనిస్‌ది. నేను చుట్ట విప్పి ఇచ్చానంతే."

 ఐలీన్ నవ్వుతూ అతని చెయ్యి నిమిరింది. "చూశారా ఈయన మంచితనం! పేరంతా ఆ పిల్లకే ఇచ్చేస్తున్నాడు."

"నీ బెజ్జాలు నాకు తెలీవా?" అన్నాడు క్లైడ్.

 చెప్పేస్తే అయిపోతుందనుకున్నాడు హెడ్లీ. చెప్పినా దిగని కిరీటం ఇది.

"నా బెజ్జాలు నీకు తెలీవు," అన్నాడు. "రా కిందికి. ఐలీన్, నువ్వు కూడా."

ఇద్దరినీ నేలమాళిగలోకి దింపాడు. మెయిన్ ప్యానెల్ ఎడం పక్కకి, వెల్మా నీళ్ల హీటరు వెనక్కి తీసుకెళ్లి టార్చి పైకెత్తాడు. అక్కడ పాత తెల్ల కేబుల్ ఒకటి దూలాల గుండా పోతోంది. ఒక బెజ్జం పైన, ఒకటి కింద. ఒకచోట బిట్టు జారి దూలం మీద పొడుగాటి చీలిక. ఇంకోచోట బెజ్జం పొడవకుండా అడుగున రంపంతో గాడి కోసి, కేబుల్‌ని దాంట్లోకి నొక్కేశారు.

"ఇది నాది. వెల్మా ఈ ఇల్లు కట్టిన ఏడు చేశాను. అప్పట్లో నా వయసు ఇప్పటి గ్లెనిస్ వయసే. అంటే చెయ్యి మంచి ఊపులో ఉన్న రోజులు." టార్చి కుడి పక్కకి తిప్పాడు. "అది ఆమెది. ఇప్పుడు చెప్పు, ఎవరి బెజ్జాలో నీకు తెలుసా?"

క్లైడ్ ఇటు చూశాడు, అటు చూశాడు. చెవి గోక్కున్నాడు.

"మరి మొన్న నాతో అనలేదేం?"

"వినడానికి బాగుంది."

ఐలీన్ నేల చూపులు చూసింది. మెట్ల మీద చప్పుడైతే ముగ్గురూ తలెత్తారు. గ్లెనిస్ చంకలో రొట్టె పెట్టుకుని సగం మెట్ల మీద నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు.

"మంచి పని చేశావమ్మాయ్," అన్నాడు క్లైడ్ గొంతు సవరించుకుని. "నాకు తెలీక..."

"కాగితం మీద నా పేరుంది సార్. గురువారం మీ చేతికే ఇచ్చాను."

క్లైడ్ ఎర్రబడ్డాడు. ఐలీన్ తొందర తొందరగా మెట్లెక్కి ఆమె పక్కన నిలబడి, సోమవారం సంగతి మాట్లాడాలమ్మా అని మొదలుపెట్టింది.

హెడ్లీ బయటికి వచ్చేసరికి గ్లెనిస్ వ్యాను తలుపు మూస్తోంది. సముద్రం మీంచి చల్లటి గాలి కొడుతోంది. అతను కోటు గుండీలు పెట్టుకుంటూ వ్యాను దగ్గరికి నడిచాడు.

"గురువారమే చెప్పాల్సింది మీరు," అంది ఆమె తల తిప్పకుండా.

"ఔను."

"నేను మీరు చెప్తారని ఆగాను. నేను చెప్పుకుంటే కొట్లాడినట్టుంటుంది. ఆ బాధ మీకు తెలీదు."

"తెలీదు." హెడ్లీ బూటుతో కంకర కదిపాడు. "నిన్న హాలు కింద నీ గీత చూశాను. దాన్ని తప్పించి ఇంకో దారి దొరుకుతుందేమోనని గంటసేపు వెతికాను. దొరికుంటే ఇవాళ ఈ మాట చెప్పేవాణ్ణో లేదో."

ఆమె అప్పుడు అతని వైపు తిరిగింది. కోపం పోలేదు. కానీ పెదవి చివర ఏదో కదిలింది.

"మెల్విన్ బోటు దిగడానికి ఇంకా రెండు వారాలుంది," అంది.

"కేబుల్ ఇవ్వడం నాకొచ్చు."

"ఏడింటికి మొదలుపెడతాను. ఆలస్యమైతే ఆగను. పాకడం నేనే చేస్తాను. పైనుంచి సలహాలు వద్దు."

"ఒక్కటి కూడానా?"

"అడిగితే చెప్పండి."

వ్యాను రోడ్డెక్కి మలుపు తిరిగే దాకా చూశాడు. ఎంత బాగా తిప్పుకుంటుంది ఆ బండిని, అనిపించి మళ్లీ చురుక్కుమంది.

ఇంట్లో ఎఫీ బల్ల మీద కంచాలు పెడుతోంది. హెడ్లీ చేతులు కడుక్కుని, తువ్వాలుతో వేళ్లు ఒక్కొక్కటీ తుడుచుకున్నాడు.

"సోమవారం నుంచి పనికి పోతున్నా. చర్చి హాల్లో."

"ఎవరి దగ్గర?" అంది ఎఫీ, గరిటె పట్టుకుని.

దారి పొడుగునా అతను ఈ మాట సిద్ధం చేసుకున్నాడు. గ్లెనిస్‌తో కలిసి అని చెబుదామనుకున్నాడు. తువ్వాలు కుర్చీ మీద వేశాడు. మళ్లీ తీసి మడత పెట్టాడు.

"గ్లెనిస్ దగ్గర," అన్నాడు.